మెగావాట్లకు చదరపు మీటర్ల కొలత
డేటా సెంటర్ల పర్యావరణ అనుమతులపై ఒక సమీక్ష

2025 అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్‌తో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకుంది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని కంపెనీ ప్రకటించింది. అంతకు కొద్ది రోజుల ముందే రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు, ఆ కంపెనీ అనుబంధ సంస్థ రైడెన్ ఇన్ఫోటెక్ ఇండియా పేరిట వచ్చిన 87,520 కోట్ల రూపాయల ప్రతిపాదనను ఆమోదించింది. స్థలాలు మూడు: ఆనందపురం మండలంలోని తర్లువాడ, సింహాచలం కొండల పక్కనున్న అడవివరం, అనకాపల్లి జిల్లా తీరంలోని రాంబిల్లి. గూగుల్‌తో పాటు సిఫీ, టీసీఎస్, రిలయన్స్ భాగస్వామ్య సంస్థల పేర్లూ వచ్చాయి. విశాఖ ప్రాంతంలో మొత్తం 6 గిగావాట్ల డేటా సెంటర్లు రావాలన్నది లక్ష్యమని ఐటీ మంత్రి నారా లోకేశ్ చెబుతున్నారు.

అప్పటి నుంచి నడుస్తున్న వాదనలో మూడు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ప్రభుత్వం ఇచ్చే రాయితీలు ఎక్కువా, తక్కువా? ప్రభుత్వం గతంలో కేటాయించిన డి-పట్టా భూముల రైతులకు న్యాయమైన ధర దక్కుతోందా? నీరు, విద్యుత్తు, గాలి మీద పడే భారాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ కొలతతో పరీక్షిస్తున్నారు? మొదటి రెండూ చిన్న ప్రశ్నలు కావు. కానీ వాటి హోరులో మూడోది వినపడకుండా పోతోంది. ఈ వ్యాసం మూడోదానికే పరిమితం.

అనుమతులు లేకుండా కడుతున్నారని కొందరు, అన్ని అనుమతులూ తీసుకునే కడుతున్నారని మరికొందరు అంటున్నారు. ఈ రెండూ అసలు విషయాన్ని తాకవు. మన దేశంలో డేటా సెంటర్‌కు కావలసిన అనుమతుల సంఖ్య తక్కువేం కాదు. వాటిలో ముఖ్యమైన పర్యావరణ అనుమతి ఆ కేంద్రాన్ని ఏ కొలబద్దతో చూస్తుందన్నదే చిక్కు.

యంత్రానికి కావలసినవి

బయటి నుంచి చూస్తే డేటా సెంటర్ కిటికీల్లేని పెద్ద గోదాము. లోపల వరుసలు వరుసలుగా సర్వర్లు. అవి తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది, ఆ వేడిని క్షణం ఆగకుండా బయటికి పంపాలి. అందుకే ఈ పరిశ్రమ కరెంటును మెగావాట్లలో, సామర్థ్యాన్ని పీయూఈ అనే నిష్పత్తిలో చెప్పుకుంటుంది. కేంద్రం మొత్తం వాడే కరెంటును సర్వర్లు వాడే కరెంటుతో భాగిస్తే వచ్చేదే పీయూఈ. అది 1.3 ఉంటే, సర్వర్లకు వెళ్లే ప్రతి యూనిట్‌కూ మరో 0.3 యూనిట్ చల్లబరచడానికీ ఇతర అవసరాలకూ ఖర్చవుతోందని అర్థం.

చల్లబరిచే పద్ధతిని బట్టి నీళ్ల లెక్క మారుతుంది. నీటిని ఆవిరి చేసి వేడిని తీసేసే కూలింగ్ టవర్లు కరెంటు తక్కువ, నీళ్లు ఎక్కువ వాడతాయి. గాలితో చల్లబరిచే యంత్రాలు, నీరు బయటికి పోకుండా లోపలే తిరిగే మూసిన వలయాలు నీటిని ఆదా చేస్తాయి గానీ కరెంటు ఎక్కువ తీసుకుంటాయి. ఉక్కపోత ఎక్కువుండే మన తీరంలో ఆవిరి పద్ధతి పొడి ప్రాంతాల్లో పనిచేసినంత బాగా పనిచేయదు. కాబట్టి ఈ రెండింట్లో ఏది ఎంచుకుంటారన్నది ఇక్కడ కంపెనీ ఇంజినీర్లు తమలో తాము తేల్చుకోవాల్సిన సంగతిగా మిగలకూడదు. ఆ ఎంపికే జిల్లా నీళ్ల లెక్కను తేలుస్తుంది.

ఒక అంచనా వేసి చూద్దాం. ఇది ఏ కంపెనీ ప్రకటించిన లెక్కా కాదు. ఆవిరి పద్ధతిలో యూనిట్‌కు 1.8 లీటర్ల నీరు అన్నది ఈ రంగంలో తరచూ చెప్పుకునే సగటు. 1,000 మెగావాట్ల సర్వర్లు ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 4.3 కోట్ల లీటర్లు, ఏడాదికి అర టీఎంసీకి కాస్త పైన అవుతుంది. 6 గిగావాట్లకైతే మూడు టీఎంసీలు దాటుతుంది. మూసిన వలయాలు పెడితే ఈ అంకెలో చాలా భాగం ఎగిరిపోతుంది. కానీ అప్పుడు పెరిగే కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో అడగాలి. అది బొగ్గు కేంద్రం నుంచే అయితే, కొత్త థర్మల్ కేంద్రాలకు కేంద్రం పెట్టిన పరిమితి ప్రకారమే యూనిట్‌కు 3 లీటర్ల దాకా నీరు అక్కడ ఖర్చవుతుంది. సముద్రపు నీటితో నడిచే పరవాడ సింహాద్రి లాంటి కేంద్రాల లెక్క వేరు.

ఆ సింహాద్రి సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఒక గిగావాట్ డేటా సెంటర్ అంటే, రోజంతా పూర్తిగా నడిచే సింహాద్రిలో సగాన్ని ఒకే వినియోగదారు తీసుకున్నట్లు. గ్రిడ్ ఆగితే సర్వర్లు ఆగకూడదు గనుక పెద్ద పెద్ద డీజిల్ జనరేటర్లు, వాటికి ఇంధన ట్యాంకులు ఉంటాయి. నెలనెలా వాటిని నడిపి పరీక్షిస్తారు. పొగ, చప్పుడు అక్కడి నుంచి వస్తాయి. కొన్నేళ్లకోసారి మార్చే సర్వర్లు ఈ-వ్యర్థాలవుతాయి, బ్యాటరీలకు 2022 నాటి నిబంధనలు వేరే ఉన్నాయి.

అనుమతి ఎలా పుట్టింది, డేటా సెంటర్ ఎక్కడ ఇమిడింది

1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్ఈ, సీఎఫ్ఓలు పాత మెట్లు. కట్టేముందు ఒకటి, నడిపేముందు ఒకటి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994 జనవరిలో ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చింది. 1997లో దానికి ప్రజాభిప్రాయ సేకరణ జతయింది. పెద్ద భవనాలు, పారిశ్రామిక ఎస్టేట్లు 2004 జులైలో ఈ పరిధిలోకి వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్.

ఆ నోటిఫికేషన్ షెడ్యూల్‌లో గనులు, ఆనకట్టలు, థర్మల్ కేంద్రాలు, సిమెంటు, చక్కెర, మందుల పరిశ్రమలు ఉన్నాయి. డేటా సెంటర్ పేరు లేదు. 2006లో ఆ పేరు ఎవరికీ తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి అది 8వ పద్దులోకి, అంటే భవన నిర్మాణాల్లోకి, వచ్చి చేరింది. నిర్మిత వైశాల్యం 20,000 చదరపు మీటర్ల నుంచి 1,50,000 లోపు ఉంటే 8(ఎ). అది దాటినా, స్థలం 50 హెక్టార్లకు చేరినా 8(బి). రెండూ రాష్ట్ర స్థాయి సంస్థ పరిధిలోనివే. 8(బి)కి ప్రభావ అంచనా నివేదిక రాయాలి, 8(ఎ)కి దరఖాస్తు ఫారాలు, ప్రాథమిక ప్లాను చాలు. సాధారణంగా రెండింటికీ ప్రజాభిప్రాయ సేకరణ లేదు.

తెలుగు నేల మీద ఇది ఎలా నడిచిందో హైదరాబాద్ ఉదాహరణ చూపిస్తుంది. 2020 మొదట్లో అమెజాన్ డేటా సర్వీసెస్ రంగారెడ్డి జిల్లా చందన్‌వెల్లి, మీర్‌ఖాన్‌పేటల్లో రెండు కేంద్రాలకు దరఖాస్తు చేసింది. ఒకటి సుమారు 66,000 చదరపు మీటర్లు, రెండోది సుమారు 83,000. రెండూ 8(ఎ)లోనే సరిపోయాయి. అదే ఏడాది నవంబరులో 20,761 కోట్ల రూపాయల పెట్టుబడిగా ప్రకటన వెలువడింది, 2022 నవంబరులో సేవలు మొదలయ్యాయి. చట్టం చెప్పిన దారిలోనే వెళ్లారు, అందులో తప్పు పట్టేందుకేమీ లేదు. ఆ దారి మాత్రం అపార్ట్‌మెంట్ల కోసం, మాల్స్ కోసం వేసినది. భవనంలో ఎంతమంది ఉంటారు, మురుగు ఎంత వస్తుంది, వాహనాలు ఎన్ని నిలుస్తాయి, వాన నీరు ఎలా ఇంకుతుంది అని అడిగే పద్దు అది. కొద్దిమంది మాత్రమే పనిచేస్తూ, వందల మెగావాట్లు లాగే భవనం దానికి ఊహకందని జంతువు.

ఇక్కడే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. 2022-23 కేంద్ర బడ్జెట్ డేటా సెంటర్లకు మౌలిక వసతుల హోదా ప్రకటించింది. ఆ హోదాకు అర్హత 5 మెగావాట్లు దాటిన సామర్థ్యం. అప్పు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం డేటా సెంటర్‌ను మెగావాట్లలో గుర్తుపడుతుంది. పర్యావరణాన్ని చూసేటప్పుడు అదే కేంద్రాన్ని చదరపు మీటర్లలో కొలుస్తుంది. రెండు శాఖల జాబితాల మధ్య ఉన్న ఈ తేడాలోనే నేటి చర్చంతా ఇరుక్కుని ఉంది.

భవనాల పద్దు కూడా నిలకడగా లేదు. 2016 డిసెంబరులో దీన్ని స్థానిక సంస్థలకు అప్పగించే ప్రయత్నం జరిగితే, ఏడాదికి జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ మార్పులో ముఖ్య భాగాలను నిలబడనివ్వలేదు. 2025 జనవరి 29న పారిశ్రామిక షెడ్లు, విద్యా సంస్థల భవనాలకు మినహాయింపు ఇస్తూ వచ్చిన నోటిఫికేషన్‌లోని ఆ భాగాన్ని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. సడలింపు రావడం, న్యాయస్థానం ఆపడం, మళ్లీ మరో సడలింపు. డేటా సెంటర్ లాంటి కొత్త రంగానికి ఇంత కదిలే పునాది మంచిది కాదు, పెట్టుబడి పెట్టేవారికీ మంచిది కాదు.

ఈ తీరం ఎందుకు అడుగుతోంది

ఉత్తరాంధ్రలో పర్యావరణ అనుమతి అంటే కాగితం అని ఎవరూ అనుకోరు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తయారుచేసిన సూచీలో విశాఖపట్నం తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో ఒకటిగా తేలింది. 2010 జనవరిలో అలాంటి ప్రాంతాలన్నిటిలో కొత్త పరిశ్రమల అనుమతులపై మారటోరియం పెట్టారు. అదే ఏడాది జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. చిత్తడి నేల గురించి జనం చెప్పిన మాటే ఆ తీర్పుకు ఆధారమైంది. ఆ మాట అనుమతికి ముందే విని ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. పర్యావరణ అనుమతి లేకుండానే ఏళ్ల తరబడి ఉత్పత్తి సాగిందని ఆ కంపెనీయే అంతకుముందు సమర్పించిన అఫిడవిట్ ద్వారా బయటపడింది. డేటా సెంటర్ రసాయన కర్మాగారం కాదు, ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే అనుమతి పత్రానికీ నిజంగా జరిగేదానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ ప్రాంతం ప్రాణాలిచ్చి తెలుసుకుంది. మానవ హక్కుల వేదిక వంటి సంఘాలు, కేంద్ర ఇంధన శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ నీళ్లు, కరెంటు వివరాలు అడుగుతున్నారంటే దాన్ని అభివృద్ధికి అడ్డుపుల్లగా కొట్టిపారేయకూడదు.

వాదనలు నాలుగు దారులు

ఉన్నది చాలు అన్నది మొదటి వాదన. రాష్ట్ర ప్రభుత్వం, పరిశ్రమ వర్గాలు ఈ వైపు ఉన్నాయి. పొగగొట్టం లేదు, రసాయన వ్యర్థాలు లేవు, కొనే కరెంటు పునరుత్పాదకం కావాలని కంపెనీలే కోరుకుంటున్నాయి. భవన అనుమతి, సీఎఫ్ఈ, సీఎఫ్ఓ, డీజిల్ నిల్వకు పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి, భూగర్భ జలానికి 2002 నాటి వాల్టా చట్టం, తీరంలో సముద్రగర్భ కేబుల్ దించడానికి తీర నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలు అన్నీ ఉన్నాయి. ఇంకొక మెట్టు పెడితే పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుంది. ఈ వాదనలో బలమెంతో ఉంది, ముఖ్యంగా కాలం విషయంలో. ఏఐ కేంద్రానికి రెండేళ్ల ఆలస్యం అంటే ఒక తరం చిప్పులు పాతబడిపోవడం. దీని లోపం, విడివిడి అనుమతుల మొత్తం ఒక సమగ్ర పరీక్షతో సమానమని అనుకోవడం. డీజిల్ చూసేవారు నీరు చూడరు, నీరు చూసేవారు కరెంటు అడగరు.

రెండో వాదన పర్యావరణ న్యాయవాదులది. షెడ్యూల్‌లో డేటా సెంటర్‌కు సొంత పద్దు పెట్టాలి, కొలత మెగావాట్లలో ఉండాలి, ఒక స్థాయి దాటితే ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కావాలి అంటారు వీరు. బొగ్గుతో 500 మెగావాట్లు, ఆపైన కరెంటు పుట్టించే కేంద్రం ఢిల్లీ దాకా వెళ్లి, ఊళ్లో బహిరంగ విచారణ ఎదుర్కోవాలి. దానికి రెట్టింపు కరెంటును ఒకే చోట వాడే కేంద్రం రాష్ట్ర రాజధానిలో భవనంగా తేలిపోతుంది. ఈ పోలికకు సూటి జవాబు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. అయితే ప్రజాభిప్రాయ సేకరణ మన దగ్గర ఎలా జరుగుతుందో చూసినవారికి ఒక అనుమానం మిగులుతుంది. ఇంగ్లిషు నివేదిక, టెంటు, బారికేడ్లు, మూడు గంటల సభ. తెలుగులో నివేదిక సారాంశం ముందే ఊళ్లకు చేరని విచారణ వల్ల పద్దు మారుతుంది గానీ ఫలితం మారదు.

మూడోది చైనా దారి. ఈ దారి గురించి మన దగ్గర మాట్లాడేవారు తక్కువ గనుక కొంచెం వివరంగా చూడాలి. చైనాలో ప్రభావ అంచనా చట్టం 2003 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. ప్రాజెక్టు ప్రభావాన్ని బట్టి పూర్తి నివేదిక, చిన్న ఫారం, కేవలం నమోదు అని మూడు తరగతులు చేశారు. కాలుష్య నివారణ పరికరాలను ప్రధాన నిర్మాణంతో పాటే రూపొందించాలి, పాటే కట్టాలి, పాటే నడపాలి అన్న నియమం 1970ల నుంచీ ఉంది. కానీ డేటా సెంటర్‌కు అసలు గేటు అది కాదు, ఇంధన పొదుపు సమీక్ష. ఏటా 1,000 టన్నుల బొగ్గుకు సమానమైన ఇంధనం గానీ, 50 లక్షల యూనిట్ల కరెంటు గానీ దాటే ప్రాజెక్టు ఆ సమీక్షకు వెళ్లాలని 2016 నిబంధనలు చెప్పాయి. ఆ గీత చాలా కింద గీసినది. వెయ్యి మెగావాట్ల కేంద్రం నిండుగా నడిస్తే దాన్ని ఆరు గంటల్లోపే దాటేస్తుంది.

దాని మీద స్థల ప్రణాళిక వచ్చింది. 2022 ఫిబ్రవరిలో చైనా ‘తూర్పు డేటా, పశ్చిమ కంప్యూటింగ్’ పేరుతో ఎనిమిది జాతీయ కేంద్రాలను, పది క్లస్టర్లను ప్రకటించింది. జనసాంద్రత ఎక్కువున్న తూర్పు తీరం నుంచి పనిభారాన్ని గుయిజౌ, ఇన్నర్ మంగోలియా, గాన్సు, నింగ్‌షియా వైపు మళ్లించాలన్నది ఆలోచన. తూర్పు క్లస్టర్లకు పీయూఈ 1.25, పడమటి వాటికి 1.2 పరిమితి పెట్టారు. 2024 జులైలో వచ్చిన ప్రణాళిక జాతీయ కేంద్రాల్లోని కొత్త డేటా సెంటర్లకు 80 శాతం హరిత విద్యుత్తును లక్ష్యంగా పెట్టింది. బీజింగ్ నగరం అంతకుముందే, 2018లో, నాసిరకం పీయూఈ ఉన్న కొత్త కేంద్రాలకు తలుపు మూసింది.

ఇందులో నేర్చుకోవాల్సింది కొలత. డేటా సెంటర్‌ను చైనా దాని సొంత భాషలో, అంటే యూనిట్లలో, పీయూఈలో ప్రశ్నించింది. అది మనం చేయలేదు. నేర్చుకోకూడనిదీ అందులోనే ఉంది. గాన్సు, నింగ్‌షియా, ఇన్నర్ మంగోలియా నీటి కొరత ప్రాంతాలు. కరెంటు చౌకగా దొరికే చోటికి పంపితే నీటి భారం ఎండిన నేల మీద పడుతుంది. పీయూఈ ఒక్కదాన్నే బిగిస్తే, దాన్ని తగ్గించడానికి నీళ్లు ఎక్కువ వాడే పద్ధతికి కంపెనీ మొగ్గే ప్రమాదం ఉంది. పైగా ఈ సమీక్షంతా అధికారులకు, కంపెనీకి మధ్య జరిగేది. ఊరి రైతుకు అందులో కుర్చీ లేదు. మన వ్యవస్థలో ఆ కుర్చీ ఉంది, డేటా సెంటర్ విషయంలో మాత్రం వేయలేదు.

నాలుగో దారి ఐరోపాది: ముందు లెక్క చెప్పమనడం. 2023 ఇంధన సామర్థ్య ఆదేశం కింద 500 కిలోవాట్లు దాటిన ప్రతి డేటా సెంటర్ కరెంటు, నీరు, వృథా వేడి వివరాలు ఏటా ఇవ్వాలి. ఇది మెత్తని దారిలా కనిపిస్తుంది గానీ, లెక్క బయటికి రాకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, ద డాల్స్ పట్టణం చూపించింది. అక్కడ గూగుల్ కేంద్రాల నీటి వాడకాన్ని వ్యాపార రహస్యమని దాచడానికి పట్టణ పాలకులు కోర్టుకెక్కారు. 2022 చివర్లో రాజీ కుదిరి అంకెలు బయటికొచ్చాయి. పట్టణం నీటిలో నాలుగో వంతుకు పైగా ఆ కేంద్రాలే వాడుతున్నాయని తేలింది.

ఈ నాలుగింటికి బయట, ఆపేసి ఆలోచించిన దేశాలూ ఉన్నాయి. సింగపూర్ 2019 నుంచి 2022 దాకా కొత్త కేంద్రాలను ఆపి, తర్వాత సామర్థ్యాన్ని పోటీ పెట్టి పంచింది. ఐర్లండ్‌లో 2023లో మీటరు కరెంటులో 21 శాతం డేటా సెంటర్లకే పోయింది, 2021 నుంచే కొత్త కనెక్షన్లపై షరతులున్నాయి. చిలీ రాజధాని శాంటియాగోలో గూగుల్ కేంద్రం అనుమతిని 2024 ఫిబ్రవరిలో పర్యావరణ కోర్టు పాక్షికంగా వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే కంపెనీ నీటి పద్ధతి వదిలి గాలితో చల్లబరిచే పద్ధతితో మొదటి నుంచి కొత్త ప్రక్రియకు సిద్ధపడింది. అడిగితే డిజైను మారుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ వెతకనక్కర్లేదు.

నాలుగు దారులనూ పక్కపక్కన పెడితే, మొదటిది వేగాన్ని కాపాడి కొలతను వదిలేస్తుంది. రెండోది ఊరి గొంతును తెస్తుంది గానీ సాంకేతిక ప్రమాణం ఇవ్వదు. మూడోది ప్రమాణం ఇచ్చి గొంతు తీసేస్తుంది. నాలుగోది కేంద్రం నడిచాక గానీ పనిచేయదు. రెండు, మూడు కలిస్తే మన అవసరానికి దగ్గరవుతుందని నా అభిప్రాయం: మెగావాట్లలో పద్దు, పీయూఈతో పాటు నీటికీ పరిమితి, తెలుగులో ముందే చేరే నివేదికతో విచారణ.

శారదా నది లెక్క

వాదనలన్నీ కంపెనీ గేటు దగ్గర ఆగిపోతున్నాయి, నీళ్లు మాత్రం అక్కడ ఆగవు. అనంతగిరి కొండల్లో పుట్టిన శారద దేవరాపల్లి, చోడవరం, అనకాపల్లి ప్రాంతాల మీదుగా వచ్చి రాంబిల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాడుగుల వైపు నుంచి బుచ్చెయ్యపేట మండలం వడ్డాదిని తాకుతూ దిగే పెద్దేరు ఆ శారదలో చేరే ఏరే. డేటా సెంటర్ స్థలంగా చెబుతున్న రాంబిల్లి ఈ నది ముఖద్వారం. వడ్డాది, చోడవరం చెరకు, వరి పొలాలు అదే నదికి ఎగువ భాగం. పరిపాలనలో మండలాలు వేరు, నియోజకవర్గాలు వేరు, నీళ్లకు మాత్రం ఇల్లు ఒకటే.

ఎగువ రైతుకు ఈ కథ కొత్తది కాదు. దేవరాపల్లి మండలంలో శారద మీద కట్టిన రైవాడ జలాశయానికి సుమారు 15 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. దాని నీటిలో భాగం విశాఖ నగరానికి పోతోంది. రైవాడ నీళ్లు రైతులకే అన్న డిమాండు దశాబ్దాల నాటిది, ఎన్నికలు వచ్చినప్పుడల్లా హామీగా వినిపిస్తుంది. నగరంలో కొత్త అవసరం పుట్టినప్పుడల్లా దాని ఒత్తిడి ఏలేరు, తాటిపూడి, మేఘాద్రిగెడ్డలతో పాటు రైవాడ మీదా పడుతుంది. కాబట్టి తర్లువాడలో కూలింగ్ టవరు పెడితే చోడవరం ప్రాంత రైతు అడిగే ప్రశ్న అసందర్భం కాదు.

పోలవరం ఎడమ కాలువ వస్తే ఈ సమస్యే ఉండదన్నది జవాబుగా వినిపిస్తుంది. ఆ ప్రాజెక్టులో విశాఖ నగరం, పరిశ్రమల కోసం 23.44 టీఎంసీలు కేటాయించారు. అంకెను బట్టి చూస్తే డేటా సెంటర్ల వాటా అందులో ఇమిడిపోతుంది. కానీ ఆ 23.44 మీద చూపు పెట్టినవారు చాలామంది. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు, అక్కడే ఆర్సెలర్ మిట్టల్ నిప్పన్ ఉక్కు కర్మాగారం, 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన పూడిమడక హరిత హైడ్రోజన్ హబ్, అచ్యుతాపురం సెజ్, విశాఖ ఉక్కు. అదే కాలువ మీద ఆధారపడి 8 లక్షల ఎకరాలకు నీరివ్వాలని రూపొందించిన ఉత్తరాంధ్ర సుజల స్రవంతి ఇంకా పూర్తి కాలేదు. ప్రతి ప్రాజెక్టూ తన దరఖాస్తులో నీరు ఉందనే రాస్తుంది. విడివిడిగా అన్నీ నిజమే కావచ్చు. మొత్తం కలిపితే నిజమా అని అడిగే పత్రం మాత్రం ఏదీ లేదు.

ఇదే నా దృష్టిలో అనుమతుల వ్యవస్థలోని పెద్ద ఖాళీ. 2006 నోటిఫికేషన్ ప్రాజెక్టును చూస్తుంది, నదిని చూడదు. సంచిత ప్రభావం అన్న మాట నివేదికల్లో ఉంటుంది, చాలాసార్లు ఒక పేరాలో ముగిసిపోతుంది. ఒకే తీరం మీద ఇన్ని భారీ ప్రాజెక్టులు ఒకేసారి వస్తున్నప్పుడు శారదా, వరాహ, తాండవ నదులను కలిపి ఒక నీటి లెక్క తీయడం రాష్ట్రానికి అసాధ్యమైన పని కాదు. అది ముందే ఉంటే ప్రతి కంపెనీకీ సమయం కలిసొస్తుంది.

ఇంకా తేలనివి

డీజిల్ జనరేటర్ల సంగతి తేలలేదు. బొగ్గు, గ్యాస్ వంటివి కాక డీజిల్ లాంటి ఇంధనాలతో 50 మెగావాట్లు దాటే విద్యుత్ కేంద్రాన్ని నోటిఫికేషన్ పెద్ద ప్రాజెక్టుగా చూస్తుంది. ఒక గిగావాట్ కేంద్రం వెనక నిలబడే జనరేటర్ల సామర్థ్యం దానికి ఎన్నో రెట్లు. అత్యవసరానికి మాత్రమే గనుక వాటిని భవనానికి అనుబంధంగానే చూస్తున్నారు. ఏడాదికి ఎన్ని గంటలు నడిస్తే అత్యవసరం, ఎన్ని గంటలు దాటితే విద్యుత్ కేంద్రం? అమెరికాలోని మెంఫిస్‌లో ఎక్స్ఏఐ కేంద్రం తాత్కాలికమంటూ పెట్టిన గ్యాస్ టర్బైన్ల మీద రేగిన వివాదం, 2025 జులైలో వాటిలో 15కి అనుమతి ఇచ్చాక కూడా చల్లారలేదు. ఆ గీత ముందే గీయడం మంచిది.

సముద్రపు నీటితో చల్లబరచడం మరో ప్రశ్న. ఫిన్లండ్‌లోని హమీనాలో పాత కాగితం మిల్లును కొని గూగుల్ 2011 నుంచి ఈ పద్ధతి నడుపుతోంది. చైనా హైనాన్ తీరంలో సర్వర్లనే నీటి అడుగుకు దించింది. నదుల మీద భారం తప్పుతుంది గనుక రాంబిల్లి లాంటి చోట ఇది ఆకర్షణీయమే. కానీ ఫిన్లండ్ సముద్రం చల్లనిది, మన బంగాళాఖాతం వెచ్చనిది. వెనక్కి వదిలే వేడినీటి వల్ల పూడిమడక, రాంబిల్లి మత్స్యకారుల వేటకు ఏమవుతుందో సీఆర్‌జెడ్ దశలోనే అధ్యయనం జరగాలి.

హరిత విద్యుత్తు అన్న మాట కూడా అంతతో అయిపోదు. రాత్రిపూట సౌర విద్యుత్తు రాదు గనుక నీటిని పైకి తోడి నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ కావాలి. అలాంటి ప్రతిపాదనల్లో ఒకటి రైవాడ దగ్గరే ఉంది. మన్యంలో ఇలాంటి ప్రాజెక్టులపై గిరిజనుల అభ్యంతరాలున్నాయి. తీరంలో కేంద్రానికి పర్యావరణ అనుమతి ఇచ్చే సంస్థ కొండ మీద దాని కోసం కట్టే జలాశయాన్ని అదే లెక్కలో చూడదు.

విస్తరణల సంగతి ఇంకా జటిలం. ఏఐ చిప్పుల వేడి ఏటికేడు పెరుగుతోంది. ఇవాళ ఒక పద్ధతికి అనుమతి తీసుకున్న భవనంలో మూడేళ్ల తర్వాత అదే వైశాల్యంలో రెట్టింపు సామర్థ్యం పెట్టవచ్చు. చదరపు మీటర్లు మారవు గనుక ఇప్పటి పద్దు ప్రకారం ఆ మార్పు కళ్లకు కనపడదు. ఆ మార్పును నీటి లెక్కతో పట్టుకుందామన్నా, పరిశ్రమలు మీటరు పెట్టి వాడకం లెక్క చెప్పాలన్న 1977 నీటి సెస్సు చట్టం 2017లో జీఎస్టీతో పాటు రద్దయింది.

చట్టం మారే లోపు చేయగలిగిన పని ఒకటుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు ప్రజా పత్రాలని అందులోనే రాసి ఉంది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి అనుమతుల షరతుల్లో సర్వర్ల సామర్థ్యం మెగావాట్లలో, నెలవారీ నీటి మీటరు రీడింగు, పీయూఈ, జనరేటర్లు నడిచిన గంటలు అని నాలుగు వరుసలు చేర్చడానికి పార్లమెంటు కూర్చోనవసరం లేదు. అనుమతులను పరిశీలించి సిఫారసు చేసే రాష్ట్ర మదింపు కమిటీ ఒక సమావేశంలో రాయగలదు, కాలుష్య నియంత్రణ మండలి సీఎఫ్ఓలోనూ అవే అడగగలదు, ఆ కాగితాన్ని తెలుగులో మండల కార్యాలయాల దాకా పంపమని కలెక్టర్ ఆదేశించగలరు.